పాత కారును తుక్కుకు వేస్తున్నారా? అందులోంచి ఎంత వెనక్కి వస్తుందో డిజైన్ చేసిన రోజే తేలిపోయింది

అనకాపల్లిలో గవరపాలెం సందుల్లో గానీ, రింగ్ రోడ్డు పక్క కాలనీల్లో గానీ ఓసారి నడిచి చూడండి. నాలుగు వీధులు తిరిగేలోపు టార్పాలిన్ కప్పిన కారు ఒకటైనా కనిపిస్తుంది. ఎక్కువగా మారుతి 800, లేదంటే పాత ఆల్టో, ఇండికా. టైర్లలో గాలి ఉండదు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. వీధి కుక్కలు దాని కింద కాపురం పెట్టేస్తాయి. 'ఈ సంక్రాంతికి తీసేద్దాం' అని ఇంట్లో అనుకుంటూనే ఉంటారు. సంక్రాంతులు వెళ్లిపోతుంటాయి, కారు అక్కడే ఉంటుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. దాంతో చాలా ఇళ్లలో కొత్త కారు మాట మొదలైంది, వెంటనే పాత కారును ఏం చేయాలన్న ప్రశ్నా వచ్చింది. మీదీ అదే పరిస్థితి అయితే, కాగితాల సంగతేంటి, చేతికి ఎంత వస్తుంది అన్న రెండు అనుమానాలు మీకు ఉండే ఉంటాయి. వాటికి జవాబులు చెప్పుకుందాం. వాటితోపాటు సాధారణంగా ఎవరూ అడగని మూడో ప్రశ్న కూడా ఉంది. ఆ కారులో తిరిగి పనికొచ్చేది ఎంత? దాన్ని ఎవరు నిర్ణయించారు?

15 ఏళ్లు నిండితే తుక్కేనా?

కాదు. ఆంధ్రప్రదేశ్‌లో సొంత కారుకు 15 ఏళ్లు నిండాయన్న ఒక్క కారణంతో దాన్ని తుక్కు చేయాల్సిన పనిలేదు. వాట్సాప్‌లో తిరిగే భయాలు చాలావరకు ఢిల్లీ ప్రాంతపు ఆంక్షల నుంచి పుట్టినవి. మన దగ్గర సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేస్తారు. కాకపోతే ఖర్చు పెంచారు. కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. గడువు దాటితే నెలకు 500 చొప్పున అదనం. ప్రభుత్వ వాహనాలకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ శాఖల జీపులు, మున్సిపాలిటీ లారీలు, ఆర్టీసీ బస్సులు రెన్యువల్ కావు, తుక్కుకు వెళ్లాల్సిందే.

అలాగని టార్పాలిన్ కింద వదిలేస్తే అడిగేవారు లేరనుకోవద్దు. కేంద్ర పర్యావరణ శాఖ 2025 జనవరిలో 'కాలం చెల్లిన వాహనాల' నిబంధనలు నోటిఫై చేసింది. అవి 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో లేని వాహనం కాలం చెల్లినదే. ఫిట్‌నెస్ పరీక్షలో పనికిరాదని తేలినదీ, యజమానే ఇక వద్దని ప్రకటించినదీ అందులోకే వస్తాయి. అలా అయిన నాటి నుంచి 180 రోజుల్లోగా యజమాని దాన్ని రిజిస్టర్డ్ తుక్కు కేంద్రానికి గానీ, కంపెనీ చెప్పిన సేకరణ కేంద్రానికి గానీ అప్పగించాలి. అంటే ఆర్సీ గడువు తీరాక రెన్యువల్ చేయించకుండా గోడ పక్కన నిలబెట్టిన కారు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ట్రాక్టర్లు, ట్రైలర్లు, పవర్ టిల్లర్లు, కోత యంత్రాలకు ఈ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. చోడవరం, మాడుగుల వైపు రైతులు ఆ విషయంలో కంగారు పడక్కర్లేదు.

కిలో లెక్కన అమ్మేస్తే పోలా?

చాలామంది చేసేది అదే. పాత ఇనుము షాపాయన ఇంటికొచ్చి, చుట్టూ తిరిగి చూసి, ఒక అంకె చెప్పి, అక్కడికక్కడే డబ్బు చేతిలో పెట్టి బండి లాక్కెళ్తాడు. ఆర్సీ మీ దగ్గరే ఉంటుంది, లేదంటే అదీ ఇచ్చేస్తారు. చిక్కంతా ఆ ఆర్సీతోనే.

మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం వాహనం నాశనమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా యజమాని 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. ఆ పని చేయకపోతే రికార్డుల్లో కారు మీ పేరు మీద ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఛాసిస్ నంబరున్న ముక్కను, నంబరు ప్లేటును ఎవరైనా దొంగ బండికి అతికిస్తే చలాన్లు మీ ఫోనుకే వస్తాయి. ప్రమాదం జరిగితే సంగతి ఇంకా ముదురుతుంది. కారు చేతులు మారినా రికార్డుల్లో పేరు మారకపోతే, పరిహారం బాధ్యత రికార్డుల్లో యజమానిగా ఉన్న వ్యక్తిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చిచెప్పింది.

రిజిస్టర్డ్ తుక్కు కేంద్రంలో జరిగేది వేరు. 2021 సెప్టెంబరులో వచ్చిన కేంద్ర నిబంధనల కింద ఇవి నడుస్తాయి. దేశంలో వీటి సంఖ్య ఇప్పటికే వంద దాటింది. మీ కారు దొంగ బండా, దాని మీద ఫైనాన్స్ ఉందా, పోలీసు కేసులున్నాయా అని ముందు ఆన్‌లైన్‌లో చూస్తారు. అన్నీ సరిగ్గా ఉంటే కారు తీసుకుని 'సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్' ఇస్తారు. ఛాసిస్ నంబరున్న ముక్కను కోసి ఆరు నెలలు భద్రపరుస్తారు. కారును పూర్తిగా తుక్కు చేశాక మరో ధ్రువపత్రం వస్తుంది. మీకు అసలు ఆస్తి మొదటిదే. దాని గడువు రెండేళ్లు. అది చూపిస్తే కొత్త వాహనానికి రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ. వాహన పన్నులో సొంత వాహనాలకు 25 శాతం వరకు, రవాణా వాహనాలకు 15 శాతం వరకు రాయితీ ఇచ్చే వీలును కేంద్రం కల్పించింది. ఇవి గరిష్ఠ పరిమితులు మాత్రమే. కొత్త కారుకు బేరం మొదలుపెట్టేముందే రాష్ట్రంలో ప్రస్తుతం ఎంత వర్తిస్తుందో రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. 2024 ఆగస్టులో కార్ల కంపెనీలు కూడా ఒక మాట ఇచ్చాయి. గత ఆరు నెలల్లో పాత కారును తుక్కు చేసినవారికి కొత్త కారు ధరలో 1.5 శాతం లేదా 20,000 రూపాయలు, రెండింటిలో ఏది తక్కువైతే అది తగ్గిస్తామన్నాయి. ఆ మాట ఇప్పటికీ అమల్లో ఉందో లేదో షోరూంలో మీరే అడిగి తెలుసుకోవాలి. మీరు కొత్త కారు కొనకపోతే ఆ సర్టిఫికెట్‌ను వేరొకరికి బదలాయించవచ్చు.

తుక్కు ధరగా కొత్త కారు ఎక్స్ షోరూం ధరలో 4 నుంచి 6 శాతం వరకు రావచ్చని విధానం ప్రకటించినప్పుడు కేంద్రం అంచనా వేసింది. ఇక్కడే చాలామంది నిరుత్సాహపడతారు. లక్షలు పోసి కొన్న కారుకు ఇంతేనా అని. ఆ 'ఇంతేనా'కు జవాబు కారు లోపలే ఉంది.

మారుతి 800ను విప్పితే

మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. ఏ కారు బరువులోనైనా దాదాపు మూడింట రెండు వంతులు ఇనుము, ఉక్కే. అంటే దీంట్లో 430 కిలోల దాకా ఉండొచ్చు. మీ వీధిలో పాత ఇనుము కిలో ఎంత ఉందో అడిగి గుణించండి. షాపాయన చెప్పే అంకె దానికి అటూ ఇటూగా ఉంటుంది. మిగతా 200 కిలోల పైచిలుకులో కొంత అల్యూమినియం, కొంచెం రాగి, బ్యాటరీలో సీసం ఉంటాయి. ఆ తర్వాత టైర్లు, అద్దాలు, ప్లాస్టిక్, సీట్ల ఫోమ్, గుడ్డ, నూనెలు. సైలెన్సర్ గొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటే అందులో కొద్ది గ్రాముల ప్లాటినం, పలాడియం, రోడియం కూడా దొరుకుతాయి. కిలో లెక్కన అమ్మినప్పుడు మీకు డబ్బు రాకుండా పోయేది ముఖ్యంగా ఈ డబ్బా దగ్గరే. కొన్నవాడికి దాని విలువ తెలుసు. మీకు చెప్పాల్సిన అవసరం అతనికి లేదు.

ఇనుము అయితే కరిగిపోతుంది కదా, దాంతో సమస్యేంటి అనిపించవచ్చు. అసలు కథ ఇక్కడే ఉంది. అనకాపల్లి వాళ్లకు బెల్లంతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. చెరకు రసం పెనంలో మరుగుతున్నప్పుడు పైకి తేలిన తెట్టును గరిటెతో తీసేస్తారు. అదే చౌడు నేలలో పెరిగిన చెరకు అయితే రసంలోనే ఉప్పుంటుంది. ఎంతసేపు కాచినా, ఎన్నిసార్లు తెట్టు తీసినా ఆ ఉప్పు పోదు. దిమ్మెలోకి వచ్చేస్తుంది. మార్కెట్లో కొనేవాడు చిటికెడు నోట్లో వేసుకుని ధర తగ్గించేస్తాడు.

ఉక్కు కొలిమిలో రాగి సరిగ్గా ఆ ఉప్పు లాంటిదే. తుక్కుతో పాటు అల్యూమినియం, సిలికాన్ వంటివి వెళ్తే ఆక్సిజన్‌తో కలిసి చిట్టెంలోకి పోతాయి. జింకు ఆవిరైపోతుంది. రాగికి మాత్రం ఆక్సిజన్‌తో కలిసే గుణం ఇనుముకంటే తక్కువ. అందుకే అది ద్రవ ఉక్కులోనే ఉండిపోతుంది. దాన్ని పరిశ్రమ స్థాయిలో చవగ్గా తీసేసే పద్ధతి ఇప్పటికీ వాడుకలోకి రాలేదు. రాగి శాతం పెరిగితే వేడిగా ఉన్న ఉక్కును సాగదీసేటప్పుడు పైన పగుళ్లు వస్తాయి. కారు బాడీకి వాడే పల్చటి రేకుకు ఆ ఉక్కు పనికిరాదు. ఇళ్లు కట్టే ఇనుప చువ్వలకు పనికొస్తుంది, ఎందుకంటే చువ్వ మరికొంత రాగిని తట్టుకుంటుంది. అందుకే కారు తిరిగి కారు కావడం అరుదు. ఎక్కువగా శ్లాబులో చువ్వ అవుతుంది.

ఇంతకీ ఆ రాగి ఎక్కడిది? వైరింగ్‌లోది, చిన్న చిన్న మోటార్లలోది. ఇప్పటి కారులో వైర్లన్నీ పరిస్తే కిలోమీటరు పైమాటే. అద్దాలు దించే మోటారు, సీటు జరిపే మోటారు, సెన్సర్లు, స్క్రీన్, వీటన్నింటినీ కలిపే వైరింగ్ హార్నెస్ కార్పెట్ కిందుగా, స్తంభాల లోపలగా, డ్యాష్‌బోర్డు వెనకగా పాకుతూ వెళ్తుంది. దాన్ని మొత్తంగా బయటికి లాగగలిగితే రాగి వేరు, ఉక్కు వేరు. రెండింటికీ మంచి ధర. లాగలేకపోతే కోసి వదిలేస్తారు. మిగిలిన ముక్కలు బాడీతో పాటే నలిగి కొలిమికి వెళ్తాయి.

బయటికి వస్తుందా, రాదా? అది కాగితం మీద గీసినప్పుడే తేలుతుంది

కారును డిజైన్ చేసే ఇంజినీరు ముందు బరువు, ఖర్చు, భద్రత, శబ్దం, అందం ఇలా చాలా లెక్కలు ఉంటాయి. విప్పేవాడి సంగతి చాలాకాలం ఆ జాబితాలోనే లేదు. డ్యాష్‌బోర్డునే తీసుకోండి. పైన మెత్తటి పీవీసీ తొడుగు, మధ్యలో ఫోమ్, కింద గట్టి ప్లాస్టిక్. మూడూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చేత్తో ముట్టుకుంటే ఖరీదుగా ఉంటుంది, షోరూంలో మనం మెచ్చుకునేదీ అదే. తుక్కు కేంద్రంలో మాత్రం దాన్ని వేరు చేయడానికయ్యే కూలి ఆ ప్లాస్టిక్ ధరకంటే ఎక్కువ. కాబట్టి చెత్తలోకి పోతుంది. బంపర్ అలా కాదు. ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ఒకే రకం ప్లాస్టిక్, నాలుగైదు క్లిప్పులు విప్పితే ఊడి వస్తుంది, తిరిగి కరిగించవచ్చు. తేడా రెండు వస్తువుల విలువలో లేదు, వాటిని తయారుచేసిన తీరులో ఉంది.

టొయోటా 2003లో జపాన్‌లో విడుదల చేసిన రౌమ్ అనే కారులో ఈ పని మొదలుపెట్టింది. పెద్ద ప్లాస్టిక్ భాగాన్ని ఎక్కడ పట్టుకుని లాగితే సులువుగా ఊడుతుందో, ఇంధన ట్యాంకుకు ఎక్కడ రంధ్రం చేస్తే చుక్క మిగలకుండా కారుతుందో భాగాల మీదే గుర్తులు వేసింది. హార్నెస్‌ను ఎర్త్ చేసే చోట కూల్‌డ్రింక్ డబ్బా మూతలా లాగితే ఊడిపోయే టెర్మినల్ పెట్టింది. అందులో కొత్త శాస్త్రమేమీ లేదు, విప్పేవాడి చేయి ఎక్కడ పడుతుందో ముందే ఆలోచించారంతే.

అలా ఆలోచించడానికి కారణం చట్టం. ఐరోపా సమాఖ్య 2000లోనే నిబంధన తెచ్చింది. 2015 నుంచి ప్రతి కాలం చెల్లిన కారు బరువులో కనీసం 85 శాతం తిరిగి వాడాలి లేదా రీసైకిల్ చేయాలి. శక్తి కోసం కాల్చేదీ కలుపుకుంటే 95 శాతం. ఇది ఉక్కు బరువు కాదు, మొత్తం కారు బరువు. మూడింట రెండు వంతులున్న లోహంతో 85కు చేరలేరు కాబట్టి ప్లాస్టిక్, అద్దం, రబ్బరు సంగతి చూడక తప్పదు. సీసం, పాదరసం, కాడ్మియం, ఒక రకం క్రోమియం వాడకానికి కొన్ని మినహాయింపులతో అడ్డుకట్ట వేశారు. వంద గ్రాములు దాటిన ప్లాస్టిక్ భాగం మీద అది ఏ రకమో ముద్ర ఉండాలన్నారు. మీ కారు బంపర్ వెనక వేలితో తడిమి చూడండి. రెండు బాణం గుర్తుల మధ్య పీపీ లాంటి అక్షరాలు కనిపిస్తే, ఆ ముద్ర వేసే అలవాటు మన కార్లదాకా వచ్చినట్టే. 2023లో ఐరోపా కమిషన్ ఇంకో అడుగు వేసింది. కొత్త కారు ప్లాస్టిక్‌లో 25 శాతం రీసైకిల్ చేసినది ఉండాలని, అందులోనూ నాలుగో వంతు పాత కార్ల నుంచే రావాలని ప్రతిపాదించింది. జపాన్‌ది ఇంకో దారి. 2005 నుంచి అక్కడ కారు కొనేటప్పుడే రీసైక్లింగ్ రుసుము కట్టించుకుంటున్నారు. ఎయిర్‌బ్యాగులు, ఏసీ గ్యాస్, పిండి చేశాక మిగిలే చెత్త అనే మూడింటి ఖర్చు దాంతోనే నడుస్తుంది. అంటే ధర పలకని వస్తువులకే అక్కడ ముందు డబ్బు కట్టిపెట్టారు.

మన నిబంధన అడుగుతున్నది ఉక్కునే

మన దగ్గరా 2025 నిబంధనలు కంపెనీల మీద బాధ్యత పెట్టాయి. అది చిన్న విషయమేమీ కాదు. 2025-26 నుంచి 2029-30 వరకు ప్రతి కంపెనీ ఏటా ఒక లెక్క చెప్పాలి. సొంత వాహనాలైతే 20 ఏళ్ల క్రితం, రవాణా వాహనాలైతే 15 ఏళ్ల క్రితం తాను మార్కెట్లో పెట్టినవాటిలో వాడిన ఉక్కులో కనీసం 8 శాతం తుక్కు కేంద్రాల ద్వారా వెనక్కి వచ్చినట్టు చూపించాలి. 2030-31 నుంచి అది 13 శాతం, 2035-36 నుంచి 18 శాతం. తుక్కు కేంద్రం ఎంత ఉక్కు తీస్తే అంతకు సర్టిఫికెట్ పుడుతుంది. కంపెనీ దాన్ని కొనుక్కుని తన లెక్క తీర్చుకుంటుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్ ఈ లావాదేవీకి వేదిక.

ఉక్కును ఎంచుకోవడానికి కారణం ఊహించవచ్చు. తూకం వేయడం తేలిక, దొంగలెక్క రాయడం కొంత కష్టం. దేశంలో ఉక్కు కొలిమిలకు తుక్కు చాలక విదేశాల నుంచి ఓడల్లో తెప్పించుకుంటున్నాం. కానీ ఉక్కు ఎలాగూ ఎవరూ పారేయరు. ఏ చట్టమూ లేని రోజుల్లోనూ పాత ఇనుము షాపాయన ఒక్క బోల్టు వదల్లేదు. పారేసేది, తగలబెట్టేది, కాలువలోకి వదిలేది వేరే ఉంది. సీటు ఫోమ్, డ్యాష్‌బోర్డు, అద్దం, ఏసీ గ్యాస్. వాటి బరువుకు ఈ సర్టిఫికెట్‌లో చోటు లేదు. కారు ఎంత సులువుగా విడిపోయింది, ఉక్కులో రాగి ఎంత కలిసింది అన్నవీ అందులో అంకెలు కావు. జిగురుతో అంటించిన కారైనా, బోల్టులతో బిగించిన కారైనా ఒక టన్ను ఉక్కు ఒక టన్నే.

న్యాయంగా చెప్పాలంటే మిగతా వస్తువుల్లో కొన్నింటికి వేరే నిబంధనలున్నాయి. టైర్లకు 2022 నుంచి, వాడిన నూనెకు 2024 ఏప్రిల్ నుంచి, బ్యాటరీలకు 2022 నుంచి ఉన్నాయి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలకు ఇంకో నిబంధన. అల్యూమినియం, రాగి, జింకు తుక్కుకు 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టారు. వీటన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మిగిలిపోయింది కారు ప్లాస్టిక్, ఫోమ్, అద్దం. ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో కంపెనీల బాధ్యత ప్యాకేజింగ్‌ గురించే తప్ప బంపర్ గురించి కాదు.

డిజైన్ గురించి మన దగ్గర ఏమీ రాయలేదా? రాశారు. ఏఐఎస్-129 అనే వాహన ప్రమాణం ఉంది. కొత్త మోడల్ బరువులో ఎంత భాగం తిరిగి వాడవచ్చో కంపెనీ లెక్కగట్టాలని, ప్రమాదకర లోహాలను పరిమితం చేయాలని అది చెబుతుంది. ఇలాంటి లెక్కకు వాడే అంతర్జాతీయ పద్ధతి ప్రకారం, ఫలానా భాగాన్ని రీసైకిల్ చేసే సాంకేతికత ఉంటే చాలు, దాన్ని రీసైకిల్ చేయగలిగినదిగా రాసుకోవచ్చు. అనకాపల్లి వీధిలో దాన్ని నిజంగా ఎవరైనా విప్పుతారా అన్నది ఆ ఫారంలో ప్రశ్న కాదు. ఒక చేత్తో డిజైన్ లెక్క, ఇంకో చేత్తో తుక్కు లెక్క. రెండు చేతులూ ఇంకా కలవలేదు. తుక్కు కేంద్రంలో ఏ మోడల్ నుంచి ఎంత వెనక్కి వచ్చిందో మోడల్ వారీగా బయటపెడితే, సులువుగా విడిపోయే కారుకు కంపెనీ కట్టే సర్టిఫికెట్ ఖర్చు తగ్గేలా చేస్తే, డిజైన్ చేసేవాళ్ల జాబితాలోకి విప్పేవాడు తప్పకుండా వస్తాడు. పోర్టల్‌లో వాహనం వివరాలు ఎలాగూ నమోదవుతాయి, కాబట్టి ఇది అసాధ్యమైన కోరిక కాదని నా అభిప్రాయం.

తొందర ఎందుకంటే ఈ లెక్క తేలడానికి పదిహేనేళ్లు పడుతుంది. ఇప్పుడు తుక్కుకు వస్తున్న మారుతి 800 పాతకాలపు సాదా బండి. వైర్లు తక్కువ, జిగురు తక్కువ. ఇవాళ షోరూంలో పెద్ద స్క్రీన్ చూసి మనం ముచ్చటపడే కారు 2040లో అదే షాపు ముందుకు వస్తుంది.

కరెంటు బండ్ల సంగతి

బ్యాటరీల దగ్గర మాత్రం మన నిబంధన కాస్త పదునుగానే ఉంది. 2022 ఆగస్టు నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు కరెంటు వాహనాల బ్యాటరీ నుంచి 2024-25లో కనీసం 70 శాతం, 2025-26లో 80 శాతం, 2026-27 నుంచి 90 శాతం పదార్థం వెనక్కి తీయాలంటున్నాయి. పైగా 2027-28 నుంచి అలాంటి కొత్త బ్యాటరీల్లో 5 శాతం రీసైకిల్ చేసిన పదార్థం ఉండాలి, అది 2030-31 నాటికి 20 శాతానికి చేరాలి. అంటే ఎంత తీశారన్నదే కాదు, తీసింది తిరిగి ఎక్కడికి వెళ్లిందన్నదీ అడుగుతున్నారు. ఇదే ప్రశ్న కారు ప్లాస్టిక్‌కూ వేయొచ్చు కదా అనిపిస్తుంది.

చిక్కు ఇక్కడా డిజైన్‌లోనే. బరువు తగ్గించడానికి, వేడి పంచడానికి సెల్స్‌ను గట్టి జిగురుతో, ఫోమ్‌తో పెట్టెలో బిగించేయడం పెరుగుతోంది. ఒక సెల్ పాడైతే మొత్తం ప్యాక్ మార్చాలి, విప్పబోతే మంట భయం. మీ ఇంట్లో కరెంటు స్కూటర్ ఉంటే బ్యాటరీని ఎన్నడూ పాత సామాన్ల వాడికి ఇవ్వకండి. దాన్ని వెనక్కి తీసుకునే బాధ్యత చట్టప్రకారం కంపెనీది.

ఆటోనగర్ చేతిలో ఉన్నది

రిజిస్టర్డ్ కేంద్రాలు మంచివి, పాత షాపులు చెడ్డవి అని గీత గీసేయడం తేలికే గానీ, నిజం అంత తేలిక కాదు. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, మనకు దగ్గర్లోని గాజువాక ఆటోనగర్‌లో గానీ పాత బండి విప్పే మేస్త్రీని చూడండి. ఏ బోల్టు తుప్పు పట్టి ఊడదో, ఏ మోడల్ గేర్‌బాక్స్ ఇంకో మోడల్‌కు సరిపోతుందో అతనికి కంఠతా వచ్చు. తలుపు తలుపుగా, ఇరుసు ఇరుసుగా ఇంకో బండికి వెళ్తుంది. కరిగించడం కంటే అలా వాడుకోవడమే మేలు. చేత్తో విప్పే చోట రాగి కూడా శుభ్రంగా వేరవుతుంది. ఐరోపాలో కారును యంత్రంలో వేసి పిండి చేస్తే, ఉక్కులో రాగి తునకలు మిగిలిపోవడమే వాళ్లకున్న పెద్ద తలనొప్పి. మన దగ్గర ఆ విప్పే చేతులు పుష్కలంగా ఉన్నాయి.

అదే చేతులకు రక్షణ లేదు. పేలని ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ దగ్గర గ్యాస్ కట్టర్ పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఖాళీ పెట్రోలు ట్యాంకులో మిగిలిన ఆవిరి అంతకంటే ప్రమాదం. ఇంజిన్ ఆయిల్ మట్టిలోకి, బ్యాటరీ యాసిడ్ కాలువలోకి పోతుంది. వైరు మీది ప్లాస్టిక్‌ను తగలబెట్టి రాగి తీస్తారు. ఆ పొగ పీల్చేది అక్కడి కుర్రాళ్లు. ఏసీ గొట్టం కోస్తే ఒక్క 'హిస్' శబ్దంతో గ్యాస్ పోతుంది. పాత కార్లలో ఎక్కువగా ఉండే 134ఏ రకం గ్యాస్ కార్బన్ డయాక్సైడ్ కంటే 1,430 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అర కిలో పోతే 700 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. రిజిస్టర్డ్ కేంద్రం ముందు ఇవన్నీ తీసి, ఆ తర్వాతే కట్టర్ పట్టాలి. ఆటోనగర్ నైపుణ్యానికి ఈ క్రమం తోడవ్వాలంటే, ఆ మేస్త్రీలు కేంద్రాల్లోకి రావాలి లేదా కేంద్రాలే ఆటోనగర్‌కు రావాలి. గ్యాస్ తీసే యంత్రం, నూనె పట్టే తొట్టి, గట్టి నేల, లైసెన్సు ఖర్చు ఒక్కో షాపు భరించలేదు. పది షాపులు కలిస్తే భరించవచ్చు.

మీరు ఇప్పుడు చేయాల్సింది

పరివాహన్ వెబ్‌సైట్‌లో వాహనాల తుక్కు విభాగం తెరవండి. రాష్ట్రాన్ని ఎంచుకుంటే రిజిస్టర్డ్ కేంద్రాల జాబితా వస్తుంది. అనకాపల్లి నుంచి ఏది దగ్గరో చూసి కనీసం రెండు కేంద్రాలకు ఫోన్ చేయండి. ధర అడిగేటప్పుడు లాక్కెళ్లే ఖర్చు ఎవరిదో కూడా అడగండి, చాలా బేరాలు అక్కడే చెడతాయి. కారు మీద పాత చలాన్లు, పన్ను బకాయిలు ఉంటే ముందే చూసుకోండి. ఫైనాన్స్ తీరినా ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉండిపోవడం మామూలే. బ్యాంకు నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి తీయించుకోవాలి. అసలు ఆర్సీ, గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా వివరాలు దగ్గర పెట్టుకోండి. యజమాని చనిపోయి ఉంటే వారసుల పత్రాలు కావాలి. టార్పాలిన్ కింది కార్లలో చాలావాటి కథ ఇదే. ఫాస్టాగ్ ఉంటే మూసేయించండి, బీమా కంపెనీకి చెప్పండి.

కారు అప్పగించేటప్పుడు క్యాటలిటిక్ కన్వర్టర్, బ్యాటరీ, అల్లాయ్ చక్రాలు ధరలో కలిశాయా అని అడగండి. సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఫోనుకు వచ్చేదాకా తాళం చెవి ఇవ్వొద్దు. వారం తర్వాత పరివాహన్‌లో మీ బండి నంబరు కొట్టి చూడండి. ఆర్సీ ఇంకా 'యాక్టివ్' అని చూపిస్తే తుక్కు కేంద్రానికి మళ్లీ ఫోన్ చేయాల్సిందే.